మూడు లెక్కపెట్టిన చెయ్యి

నా చొక్కా నిండా నలుపు తెలుపు చారలు.
నా పని కాన్వాసు మీద అరచెయ్యి చరచడం.
పందొమ్మిదేళ్ళు
ఆరిన్ టాకెట్ వెన్ను నేలకి తాకిన ప్రతిసారీ
ఒకటి, రెండు అని
హాలంతా ఊపిరి బిగబట్టేదాకా ఆగి
మూడు అనేవాణ్ణి.
ఆరిన్‌కి మూడేది.

పోస్టర్లో వాడి పేరు అందరికన్నా అడుగున,
టిక్కెట్టు ధరకి ఒక్క గీత పైన.
కెంటకీ బొగ్గుగనుల వైపు మనిషి.
వాళ్ళ నాన్న గనిలోకి దిగాడు, వీడు రింగులోకి ఎక్కాడు.
"ఏదైనా నడుముకే దెబ్బ" అనేవాడు.

పడ్యూకా, జోన్స్‌బరో, కేప్ జిరార్డో.
అర్ధరాత్రి ఒకే కారులో అయిదుగురం.
ఇందాక ఒకడి గొంతు ఒకడు నులుముకున్నవాళ్ళు
ఒకే పొట్లంలోంచి వేయించిన కోడి తింటూ.
ఊరి దీపాలు కనబడగానే
ఇద్దరు సీటు కిందికి దూరేవారు.
పగవాళ్ళు ఒకే బండి దిగితే
మర్నాడు టిక్కెట్లు తెగవు.

ముందే తేలిన కుస్తీ అని నవ్వుతారు మీరు.
తేలిందే, కాదనను.
కానీ ప్లైవుడ్డు చెక్క, దానిమీద దుప్పటి మందం గుడ్డ,
ఆరడుగుల ఎత్తునుంచి వెల్లకిలా ఒక మనిషి.
భూమికి మాత్రం ఎవరూ
ముందుగా చెప్పి ఉంచరు.

ఓడటం వాడి చేతిపని.
నిన్నగాక మొన్నొచ్చిన కుర్రాడి గుద్దుకి
వాడి మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వంగేవి,
మొదటిది ఆశ్చర్యంతో, రెండోది ఒప్పుకోలుతో.
జనం కుర్రాడి పేరు పట్టుకుని అరిచేవారు.
వీడికి పాతిక డాలర్లు, పెట్రోలు ఖర్చు వేరే.
ఇంటికొస్తే వెర్నా గెలిచావా అని అడిగేది కాదు.
ఏ భుజం అనేది,
మందు సీసా మూత తిప్పుతూ.

డెబ్భై ఎనిమిది మార్చి. కేప్ జిరార్డో.
బంగారు రెక్స్, అసలు పేరు లైల్ ప్రూయిట్,
పైతాడు మీంచి దూకబోయి జారాడు.
ఇనప స్తంభానికి తల తగిలిన చప్పుడు
నేనొక్కణ్ణే విన్నాననుకున్నాను.
లేచాడు. కళ్ళు ఖాళీ.
"ఇదే ఊరు?" అని నన్నడిగాడు.

ఆపేద్దామా అని కనుబొమలతో అడిగాను.
ఆరిన్ తల అడ్డంగా ఊపి
అతని మెడ చంకలో ఇరికించుకున్నాడు.
నోరు చెవి దగ్గర.
"నన్ను ఎడమకి తొయ్యి అబ్బాయ్.
ఆ, అంతే. ఇప్పుడు ఎత్తు.
నువ్వూరికే పట్టుకో, నేనే ఎగురుతాలే."

తనని తానే ఎత్తుకున్నాడు.
తనని తానే విసురుకున్నాడు.
మీద కూలినవాడి తల గట్టిగా తగలకుండా
రొమ్ము మీదికి సర్దుకుని
నాకేసి చూశాడు.
ఒకటి రెండు మూడు.
ఆ ఒక్క రాత్రే మధ్యలో ఆగలేదు.

గెలిచినవాడి చెయ్యి పైకెత్తాను, తడిబట్టలా వేలాడింది.
చచ్చినట్టు పడున్నవాడు
అతని బూటు మడమని గుప్పిట్లో బిగించి
పడిపోకుండా నిలబెట్టాడు,
చప్పట్లు అయ్యేంతవరకూ.

రెక్స్ తర్వాత టీవీలోకి వెళ్ళాడు, పెద్దవాడయ్యాడు.
ఆ రాత్రి అతనికి గుర్తులేదు.
అది అబద్ధం కాదు కాబట్టి కోపం కూడా రాదు.

ఆరిన్ ఆఖరి ఆటకి ప్రమోటరు జాలిపడ్డాడు:
ఈసారికి నువ్వే గెలువు.
వీడు బూటు లేసులు కట్టుకుంటూ
చాలాసేపు ఆలోచించాడు.
"పైనున్నవాడు చేతులెక్కడ పెట్టుకుంటాడో
నేనెప్పుడూ చూళ్ళేదే.
నాకు తెలిసినవి ఆ కప్పు దీపాలే" అన్నాడు.
వెళ్ళి, ఓడి వచ్చాడు.

ఇప్పుడా హాలు తివాచీల గోదాము.
ఆరిన్ స్కూలు బస్సు నడుపుతాడు, తుంటిలో స్టీలు.
మొన్న కాఫీ తాగుతూ చెప్పాడు:
ఆ కప్పుకి దీపాలు పద్నాలుగట,
తలుపు వైపు మూడోది
పందొమ్మిదేళ్ళలో ఒక్కసారీ వెలగలేదట.

నేను కిందికే చూసేవాణ్ణి.