క్రాస్ కటింగ్

రాగన్నగూడ దాటినంక, గుట్ట ఎనుక వెంచర్ల
నూటయాభై గజాల జాగ మాది.
రెండర్రలు, ఒక కుట్టుమిషను,
ఎనుక నాలుగు మడులు.

పొద్దుగాల లేచి చూస్తే మెంతి మడి సగం లేదు.
మేక అయితే గుంజి తింటది, వేర్లు తేలుతయి.
పురుగైతే ఆకుకు బెజ్జాలు పడుతయి.
ఇది కాడను ఏటవాలుగ
ఒక్క పోటుకు తెంపింది.
ఇరవై ఏండ్ల సంది జాకెట్లు కుడుతున్న,
క్రాస్ కటింగ్ గుర్తుపట్టలేనా?

"చెవులపిల్లి" అన్నది వాచ్‌మన్ పెండ్లాం బాలకిష్టమ్మ,
చేటల బియ్యం చెరుగుకుంట, తల ఎత్తకుండ.
"కుందేలు" అని సరిచేసింది మా హన్సిక, ఫోన్ల బొమ్మ చూపెట్టి.
పేరేదైతేంది, తిన్నది నా కూర.
మా ఆయన మాత్రం పందికొక్కే అంటడు.
ఆయన పట్టిన కుందేలుకు
పెండ్లైన కాడికెళ్లి మూడే కాళ్లు.

మనిషి వాసనుంటే రాదన్నరు.
సులేమాన్ భాయి సెలూన్ల ఊడ్చిన వెంట్రుకలు
సంచెడు తెచ్చి చల్లిన.
కాలనీ మగోళ్లందరి తలకాయల నడుమ కూసొని
అది కొత్తిమీర తిన్నది.
కారం నీళ్లు కొట్టిన. ఆ రాత్రే వాన.
మెరిసేటివి కట్టుమన్నరు.
ఇంట్ల మెరిసేది ఒక్కటే, మా పెండ్లి సీడీ,
పెట్టి చూసే మిషను పోయి పదేండ్లు.
దారం కట్టి వేలాడదీసిన.
వెన్నెల్ల నా తలంబ్రాలు గిర్రగిర్ర తిరిగినయి,
కింద పాలకూర ఒడిసింది.

ఇగ ఐతారం బేగంబజార్ పోయి
కోళ్ల జాలి చుట్ట ఒళ్లె పెట్టుకొని బస్సెక్కిన.
నాకు ఫ్రీ, జాలికి టికెట్.
జానెడు లోతు గాడి తవ్వినం.
గడ్డపార రాయికి తగిలి రెండుసార్లు నిప్పులు రాలినయి.
లంగా అంచు మడిచినట్టు
జాలిని బయటికి మడిచి, మన్ను కప్పి, తొక్కిన.
గింత మంచి హెమ్మింగు ఏ పెండ్లి లంగాకూ చెయ్యలే.

రెండు రాత్రులు ఏం రాలే.
మూడో పొద్దు చుక్కకూర కింద
దోసెడంత పిల్ల.
చెవులు వీపుకు అతికించుకొని
రాయి లెక్క, ఊపిరి మాత్రం ఆడుతున్న రాయి లెక్క.
బయటుంచుదామనుకున్నదాన్ని
లోపలేసి కుట్టిన నేను.
జాలి అవతల, కింది అంచు పొడుగూత
మన్ను గీకి గీకి ఉంది.

హన్సిక చెప్పుల అట్టపెట్టె తెచ్చి నిలవడ్డది.
మా ఆయన వంగి చూసిండు.
నాలుగు కాళ్లు.
ఏమనలే.

పట్కారు అవసరానికి ఎప్పుడు దొరికింది గనుక?
బట్ట తప్ప కాయిదం కూడ కొయ్యనియ్యని
నా పెద్ద కత్తెర తీసి
జాలిని జానెడు తెంపిన. పదకొండు తీగెలు.
పొద్దుగూకినంక లైట్లు బంద్ చేసి
టీవీ సప్పుడు తక్కువ పెట్టి కూసున్నం.
ఎవరొచ్చిండ్రో, ఎప్పుడొచ్చిండ్రో చూడలే.
తెల్లారి చుక్కకూర కింద
ఒత్తుకుపోయిన గడ్డి, ఇంత గుంట.

మళ్ల తీగెతోని కుట్టేసిన.
ఎంత జాలి ఉన్నా జాలి జాలే,
కట్ట మెంతికూర ఇరవై రూపాయలు.

ఇప్పుడు గుట్ట అవతల రాయి పేలుస్తున్నరు.
పగటీలి రెండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి.
దడుమన్నప్పుడల్లా పెడల్ మీద కాలు ఆగుతది,
కుట్టు ఒకటి తప్పుతది,
విప్పి మళ్ల కుడత.

ఇయ్యాల మెంతికూర తెంపుదామని పోయిన.
మోకాలెత్తు పెరిగి, పూతకొచ్చి, ముదిరి
చేదెక్కింది గని మడి నిండుగుంది.
జాలి సందుల నుంచి బయటికి వంగిన కాడ ఒక్కటి
కొసకు లేదు.
ఏటవాలుగ.
నున్నగ.

నా కత్తెరకు ఇంకా సాన పట్టియ్యలే.