పంపవలసినవి: ఒకటి

పోర్టు గేటుకి ఎదురుగా, మేడ మీద మా ఆఫీసు.
ఓడలకి ఉల్లిపాయలు, తాళ్లు, మంచినీళ్లు అందిస్తాం.
ఓడలు నిలబడవు. మేమే నిలబడి ఉంటాం.

పద్దెనిమిదేళ్లుగా ఒకటే మెయిల్ ప్రోగ్రామ్.
ఎడమ పక్క పసుపు ఫోల్డర్లు, ఓడకొకటి.
కొన్ని ఓడలు ఎప్పుడో తుక్కులోకి పోయాయి,
వాటి ఫోల్డర్లకి తుప్పు పట్టలేదు.
కొత్త ఉత్తరం వస్తే అది చేసే చప్పుడు,
స్టీలు గిన్నెకి ఉంగరం తగిలినట్టు.
ఆ చప్పుడుకి టీ గ్లాసు దించేస్తాను
సగం తాగి ఉన్నా సరే.

ఇక దానికి టీకాలు వెయ్యరట. మార్చాల్సిందేనట.
గాజువాక నుంచి పైడితల్లి అనే పిల్ల వచ్చింది,
చేతిలో అగ్గిపెట్టంత నల్ల డిస్కు.
"ఇదేటండి మేడమ్, ఇన్ని ఫోల్డర్లు!
ఇన్‌బాక్సా, బొర్రా గుహలా?"
నేను నవ్వలేదు. ఇంటికెళ్లాక నవ్వాను.

పాతవన్నీ కొత్తదాంట్లోకి నడుస్తున్నాయి.
పచ్చ గీత ఒకటి, ఆశీలుమెట్ట దగ్గర సిటీ బస్సులా
కదిలి, ఆగి, మళ్లీ కదిలి.
తెలుగులో రాసినవి మాత్రం
పెట్టెలు పెట్టెలుగా దిగాయి.
స్టోర్స్ సత్యవతి రాసిన "రేపు రాను, జ్వరం" అన్న ముక్క
నాలుగు కంటైనర్లు, ఒక ప్రశ్నార్థకం.
పైడితల్లి ఏదో నొక్కింది.
తలకట్లు తిరిగొచ్చాయి, ఒత్తులు తిరిగొచ్చాయి,
సత్యవతి జ్వరం కూడా.

మెయిల్‌తో పాటు క్యాలెండరు, చిరునామాల పుస్తకం
తోడు పెళ్లికూతుళ్లలా దిగాయి.
క్యాలెండరు లండన్ గడియారంతో కళ్లు తెరిచింది:
ఒంటిగంట భోజనాన్ని సాయంత్రం ఆరున్నరకి జరిపింది,
తెల్లవారి నాలుగింటి పోటుని తొమ్మిదిన్నరకి.
"సముద్రం ఒప్పుకుంటుందా?" అన్నాను.
"సెట్టింగ్సులో మార్చీయొచ్చండి" అంది,
ఒక్క క్షణం ఆగి, "సముద్రాన్ని కాదండి."

చిరునామాల్లో అప్పన్నలు ముగ్గురు:
క్రేను అప్పన్న, అప్పన్న కొత్త నెంబరు, అప్పన్న రాత్రి.
ముగ్గుర్నీ కలిపేయాలా అని అడుగుతోంది.
ముగ్గురూ ఒక్కడే. అయినా ఫోనెత్తేది రాత్రివాడే.
కలపొద్దన్నాను.

నాలుగు దాటాక, అన్నీ అయ్యాయనుకున్నాక,
కింద చిన్నక్షరాల్లో:
పంపవలసినవి: ఒకటి.

హుద్‌హుద్ నాటి ఆదివారం పొద్దున రాసింది.
ఆ రాత్రంతా ఆఫీసులోనే ఉండిపోయాను.
ఓడల్ని ముందే లోతు నీళ్లకి తోలేశారు.
కిటికీ అద్దం ఊడి వీధిలోకి ఎగిరిపోతుంటే
టేబులు కింద కీబోర్డు పెట్టుకుని కొట్టాను,
భీమిలి కుర్రాడు, ఓడలో వంటాయన, గరికిన రాజారావుకి:
"ఎటున్నారు? క్షేమమేనా?
నిమ్మకాయల లెక్క తర్వాత చూద్దాం."
అప్పుడే కరెంటు పోయింది. ఊరే పోయింది కొన్నాళ్లు.

ఇన్నేళ్లూ నేననుకున్నది:
పంపాను, అతనే పలకలేదు.
నెల తర్వాత బిల్లు మీద సంతకానికి వస్తే
తలెత్తకుండా ముద్ర వేసిచ్చాను.
గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు.
గొడుగు మర్చిపోయాడేమో అనుకున్నాను.
తర్వాత వేరే కంపెనీ, వేరే రేవు.

"పంపేమంటారా, చెరిపేమంటారా?"
నేను నోరు తెరిచేలోగా
కొత్తది, చురుకైనది,
నా మౌనాన్ని ఊ అనుకుని పంపేసింది.

పైడితల్లి వైర్లు చుట్టుకుంటోంది.
నేను టీ పోసుకున్నాను.
ఎక్కడో నీటిచుక్క పడ్డ చప్పుడు.
ఏసీ కారుతోందనుకున్నాను,
గ్లాసు దించలేదు.

"మేడమ్" అంది ఆ పిల్ల, బ్యాగు జిప్పు సగంలో ఆపి,
"అది మీకేనండి."