మిగిలినోళ్ళ గడి

అహ్మదీలో నవంబరు వస్తేగానీ ఆట మొదలుగాదు.
చీకటితోనే లేచి పైపు పట్టుకుంటాను,
ఇసుక లేవకుండా,
నడిమిట్ల దిబ్బ మాదిరి పోసిన ఎర్రమన్ను పదునయ్యేదాకా.
ఆ మన్ను ఓడలో వచ్చిందంట, సంచుల్లో.
ఏ దేశందో బిల్లు మీద చెరిగిపోయింది.
తడిస్తే మాత్రం లక్కిరెడ్డిపల్లె సెనిక్కాయల చేని వాసనే.
ఒకతూరి నాలిక మీద గూడా పెట్టుకున్యా,
ఎవురికీ చెప్పలే.

నీళ్ళు కొట్టేది, సున్నం గీతలు గీసేది నా పని.
కొసరు పని, చినిగిన గ్లోవులు కుట్టేది.
మా నాయిన కపిలి బానలు కుట్టినోడు.
మోటార్లొచ్చినాక ఏ బావిలోనూ బాన దిగలే,
ఆయన ఆరె మాత్రం నా చేతిలోకి దిగింది.
బేస్‌బాల్ బంతి చేతికొచ్చిన మొదటి దినం
కుట్లు లెక్కపెట్టినా: నూటెనిమిది.
బకాలా మస్తానయ్య నగినాడు,
"అష్టోత్తరం చదివి ఇసిరితే, తగిలినోనికి పుణ్యమా పాపమా?"

ఎలియాస్ సారుది వెనెజువెలా, డ్రిల్లింగులో పని.
వాళ్ళ దేశంలో రాత్రి ఆట మనకు తెల్లారుజాము.
చెవిలో రేడియో పెట్టుకోని నా పక్కన నిలబడి
ఒక్కో పరుగుకూ నా వీపు మీద చరిచేటోడు.
ఆ చలికాలం ఎవురు గెలిచినారో
నా వీపుకు తెలుసు, నాకు తెలీదు.

రంజాన్లో ఆటంతా ఇఫ్తారయినాకనే.
అంపైరు ఖర్జూరం నముల్తా "స్ట్రైక్" అంటే
అది అవుటో, దాహమో ఎవురికీ అర్థం గాలే.
కొరియా వెల్డర్లు పాటలతో సహా దిగినారు,
ఆటగానికొక పాటంట,
బ్యాటు పట్టినోని కంటే పాడినోళ్ళకే ఎక్కువ చెమట.
ఏప్రిల్లో తూజు లేచింది.
మూడు దినాలు గీసిందే గీసినా.
నాలుగో దినం రెండో బేసు యాడుందో
చీపురుతో వెతుక్కున్యా.

జూన్ నుంచి గేటుకు తాళం.
నా రూములో పదకొండు గ్లోవులు, ఏసీ కింద,
ఎవురో ఏదో ఇస్తారని చాపిన చేతుల మాదిరి.

ఆ ఆగస్టు సోటా వాళ్ళు ఊరికి పోలేదు.
పదేండ్లోడు, ఫోను తెచ్చి చూపించినాడు:
జపానులో ఇస్కూలు పిల్లోళ్ళ పోటీ.
ఓడినోళ్ళు మోకాళ్ళ మీద కూకోని
మైదానం మన్ను గుడ్డ సంచుల్లోకి ఎత్తుకుంటాండారు, ఏడుస్తా.
"మరి గెలిచినోళ్ళో?" అన్యా, వచ్చీరాని ఇంగ్లీషులో.
"వాళ్ళు రేపు మళ్ళా ఆడాల గదా,
మన్నెందుకు?" అన్యాడు, వానికొచ్చినంతలో.

అక్టోబరులో అమెరికా పెద్దాట.
రాత్రి మూడు గంటలకు మెస్సులో టీవీ, సల్లారిన సులేమానీ.
ఎలియాస్ సారు లెక్కల బుక్కు తెరిచి గడులు చూపించినాడు.
ఇది పరుగు. ఇది తప్పు.
ఒకడు ఒకటో బేసు దాటె, రెండు దాటె, మూడో దాంట్లో నిలబడె.
అంతలో బ్యాటు కాడ ఇంకోడు అవుటాయె, ఆట తిరగబడె.
ఈడు ఇల్లు చేరలే.
అవుటూ గాలే.
"ఈని లెక్క యాడ రాస్తారు సారూ?"
చిట్టచివరి గడి మీద పెన్సిలు పెట్టినాడు:
మిగిలినోళ్ళు.

ఆ గడి మీద ఏలు పెట్టి రోంతసేపు తీయలే.
పదహారేండ్లు. ముగ్గురు కఫీళ్ళు.
టీవీలో ఎవురో గెలిచినట్టుండారు,
మెస్సంతా లేచి నిలబడింది.

మళ్ళా నవంబరు.
సారు కాంట్రాక్టు పొడిగించలే.
చిలీలో కూతురి కాడికి పోయినాడంట, సొంతూరికి గాదు.
కుట్టమనిచ్చిన గ్లోవు నా కాన్నే ఉండిపోయె.
మర్చిపోయినాడో, ఇడ్సిపెట్టినాడో.
బొటనేలి కాడ రెండు కుట్లేసినా.
లోపల తోలు ఆయన ఏళ్ళ కొలతకు గుంతలు పడింది,
నా ఏళ్ళు రోంత పొట్టి.

తెల్లారకముందే వచ్చినాడు సోటా, చేతిలో బంతి.
అడగనుగూడా లేదు, ఇసిరినాడు.
పైపు కింద పారేసి పట్టుకున్యా.

వీపు మీద చరిచేదానికి ఎవురూ లేరు.
ఎర్రమన్ను మీద నీళ్ళు
వాటి పాటికి అవి పోతాండాయి.