రెండొందల నాలుగు

తిరుచానూరు రోడ్డులో ఆ లాడ్జి గాజు తలుపు తోసుకుని
పొద్దున తొమ్మిదికి లోపలికి పోయాను.
ఆ తలుపు కూడా నా బిల్లులోదే,
కొలతల పుస్తకం, నలభై ఒకటో పేజీ.

కౌంటర్లో కుర్రాడికి నేనెవరో తెలీదు.
"అడ్వాన్సు కట్టందే తాళం ఇవ్వం సార్" అన్నాడు,
మర్యాదగానే.
వాడి తల మీద బోర్డు:
ఇరవైనాలుగు గంటలు దాటితే ఇంకో రోజు అద్దె.
కట్టాను.
రెండొందల నాలుగు అడిగి మరీ తీసుకున్నాను.

దామోదరం గారి మాటంతా ఆ గది గురించే.
"బాత్రూము గోడ చెమ్మ కొడతా ఉంది చెంగల్రాయుడూ,
ముందు అది చూడు, ఆఖరి బిల్లు సంగతి తర్వాత చూద్దాం."
చూద్దామని పోతే గదిలో కొండకి పొయ్యేవాళ్ళుంటారు.
గది ఖాళీగా ఉన్న రోజు ఆయన మద్రాసులో ఉంటారు.
పదకొండు నెలలు ఇట్టా గడిచినాయి.

కాంక్రీటుకి ఇరవై ఎనిమిది రోజులు చాలు.
పోసిన నాడు అంబలి.
వారానికి కాలు ఆనించొచ్చు.
ఇరవై ఎనిమిదో నాటికి
ఎంత మోస్తానందో అంతా మోస్తుంది.

ఓనరుకి వచ్చేవారాలు ఎన్నైనా ఉంటాయి,
నాకు శనివారం ఒక్కటే.
సాయంత్రం ఆరుకి చేతులు కడుక్కుని
బట్వాడాకి వరసగా నిలబడతారు.
సెంట్రింగు ఏలుమలై తిరుత్తణి రైలుకి టైము చూసుకుంటాడు.
టైల్సు పిల్లోళ్ళు హిందీలో ఏదో అనుకుంటారు,
నాకు అర్థం కాదనుకుని.
కుప్పమ్మ వరసలోకి రాదు,
ఇసుక మీద కూర్చుని ఉంటుంది, అడగదు.
ఆమె అడక్కపోవడమే నాకు కష్టం.

వాళ్ళల్లో ఎవరికీ ఇప్పుడు నేను బాకీ లేను.
నా మిల్లరు మాత్రం రేణిగుంటలో
ఇంకొకడి పేరు రాసుకుని తిరుగుతా ఉంది.

ఏలుమలై ఒకసారి అన్నాడు,
"కాణిపాకం తీస్కపో అన్నా, ప్రమాణం చేయించు."
ఆలోచించాను.
దామోదరం గారు వస్తారు,
తడిగుడ్డలతో నిలబడతారు కూడా.
బాకీ లేదని ఆయన ఏనాడు అన్నారు గనక?
"ఇస్తాను" అంటారు.
అబద్ధమైతే వినాయకుడు పట్టుకుంటాడు.
ఇస్తాను అనేది అబద్ధం కాదు, నిజమూ కాదు,
సెంట్రింగు విప్పని స్లాబు.
దాని కింద గుంజల మాదిరి మేము.

రాత్రి లైటార్పి గోడకి చెయ్యి ఆనించాను,
తర్వాత చెంప.
పొడిగా ఉంది,
జ్వరం దిగిన బిడ్డ నుదురు మాదిరి.
కొళాయి తిప్పి, నాలుగు బకెట్లు పారబోసి,
కుర్చీ వేసుకుని గంటసేపు చూశాను.
చుక్క దిగలేదు.

కోపం రావాలి కదా, రాలేదు.
ఈ గోడలో పైపు ఎక్కడ వంగుతుందో నాకు తెలుసు.
ఏ ఇటుక సందులో కుప్పమ్మ మనవడు
గోలీ దాచిపెట్టి మర్చిపోయాడో తెలుసు.
దాని మీద ఒక కోటు ప్లాస్టరు, రెండు కోట్లు రంగు,
ఇప్పుడు వాడు అడిగినా తీసివ్వలేను.
నిజం చెప్తున్నా,
చాన్నాళ్ళకి ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

తెల్లారి పుస్తకం తీసి రాశాను:
రెండొందల నాలుగు, ఉత్తరం గోడ, చెమ్మ లేదు.
సాక్షి సంతకం చోట ఎవరి పేరు రాయాలో తోచక
తేదీ వేసి వదిలేశాను.

కిందికి దిగేసరికి తొమ్మిదీ పది.
కుర్రాడు గడియారం చూశాడు, బోర్డు చూశాడు,
కాస్త మొహమాటంగా నన్ను చూశాడు.
ఇంకో రోజు అద్దె కట్టాను.
రసీదు మాత్రం అడిగి తీసుకున్నాను.

ఆఖరి పేజీలో దాన్ని అన్నం మెతుకుతో అంటించాను.
ఈ బిల్డింగులో డబ్బు
చెప్పిన టైముకి చేతులు మారిందనడానికి
నా దగ్గరున్నది ఆ కాయితం ఒక్కటే.