ఎడమ రెక్క మీద

డెబ్బై రెండో వంతుకి కుదించిన విమానం.
నువ్వుగింజంత పైలట్ తలకి
ఒంటి వెంట్రుక కుంచెతో కళ్లద్దాలు పెట్టాను.
సీటు బెల్టుకి బకిల్ కూడా.
"మూత అతికించాక ఎవడు చూస్తాడవన్నీ?"
గుమ్మం అవతలి నుంచే బ్లాజెనా.
థిన్నర్ వాసన పడదు, లోపలికి రాదు.

కొత్త రంగు మీద మూడు రాత్రులు
మసి పూశాను, తుప్పు పుట్టించాను.
నలభై ఏళ్లు ఓస్త్రవా ట్రాములకి
ఆ రెండూ వదిలించిన చేతులివి.

బడి జిమ్‌లో ప్రదర్శన.
జడ్జి టార్చి వేసి, బోర్లించి,
చక్రాల గూళ్ల దాకా చూశాడు.
"ఎడమ రెక్క మీద వేలిముద్ర" అన్నాడు.
మూడో బహుమతి.

ఇంటికొచ్చి, భూతద్దం కింద
నా వేళ్లు ఒక్కొక్కటే పక్కన పెట్టి చూశాను.
ఏదీ సరిపోలేదు.
చిన్న వేలు.
రంగు ఆరిందో లేదోనని
మెల్లగా, ఒక్కసారి.

గరుకు కాగితం తీసినవాణ్ణి
మళ్లీ సొరుగులో పెట్టేశాను.