నూలుతాడు దూరేంత

నా ఉద్యోగం గాలిని కొలవడం.
కొత్త ఇంటి గుమ్మానికి ఎర్రగుడ్డ బిగించి
మధ్యలో ఫ్యాను పెట్టి
ఇంటి ఊపిరి బయటికి లాగేస్తాను.
ఎక్కడ చిల్లి ఉంటే అక్కడినుంచి
చలి ఈలేసుకుంటూ లోపలికొస్తుంది.

ఫిబ్రవరి. హీయుమా దీవి. మైనస్ పద్దెనిమిది.
పడవ దిగేసరికి మీసం గడ్డకట్టింది.
తైమి ఇల్లు అడవి అంచున
దక్షిణానికి ముఖం పెట్టి
ఎండ కాచుకుంటున్న పిల్లిలా.
నాలుగేళ్లు కట్టిందట, ఒక్కతే.
దూలాలెత్తిన రోజు మాత్రం నలుగుర్ని పిలిచి
సూప్ పోసి పంపేసిందట.

"ముప్పై ఏళ్లు ఓడ అడుగున పనిచేశాను,
నీళ్లు లోపలికి రాకుండా.
గాలి అంతకంటే టక్కరిది"
అంది, నా బూట్లు విప్పించి.

గోడ మందం మూరెడు.
లోపల కూరిందంతా పాత దినపత్రికల పొట్టు.
ఎవరివో పెళ్లిళ్లు, ఎవరివో సంతాపాలు,
తప్పిపోయిన ఆవు ప్రకటన,
కురవని వానల జోస్యాలు,
కూలిన ప్రభుత్వమూ, దాన్ని కూల్చినదీ
ఒకే గుప్పిట్లో.
గోడలకు చెవులుంటాయంటారు.
వీటికి ఇన్ని నోళ్లున్నాయి, ఒక్కటీ పెగలదు.
వెచ్చగా ఉంటాయి, అంతే.

ఫ్యాను తిప్పాను.
ఒకటి పాయింట్ ఇరవై.
ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు
కట్టాక ఊపిరి బిగబట్టి నిలబడాలని చెప్పలేదు.
పొగపుల్ల పట్టుకుని బయల్దేరాం,
ఆమె స్టూలెక్కి, నేను మోకాళ్ల మీద.
కిటికీ మూల. టేపు.
కరెంటు తీగ వచ్చేచోట. మైనం.
అటక తలుపు దగ్గర ఆమె తిట్టిన తిట్టు
ఓడల మీద పుట్టింది, ఇక్కడ రాయను.
పాయింట్ తొంభై.
పాయింట్ డెబ్బై రెండు.
పాయింట్ అరవై ఒకటి.
అక్కడ ఆగింది.

అరవై వస్తే ధ్రువపత్రం, బ్యాంకు వడ్డీలో తగ్గింపు.
అరవై ఒకటి వస్తే నేను వచ్చి వెళ్లినట్టు.

పొగ వంటింట్లో వెనక్కి వంగింది.
కెటిలు పైన, గోడలో
చిటికెనవేలంత ఇత్తడి గొట్టం.
అందులోంచి వలలు అల్లే నూలుతాడు.
తాడు కొసన చిన్న గంట.

"ఇది మూసెయ్యాలి" అన్నాను.
"అది ఎండెల్‌ది" అంది.
అవతల, వంద అడుగుల దూరంలో
ఎనభై ఏడేళ్ల మనిషి. ఫోను మోగినా వినపడదు.
పొద్దున కాఫీ అయ్యాక ఒక్కసారి లాగుతాడు.
లాగాడంటే ఉన్నాడు.
"గొట్టం ముందు పెట్టాను.
గోడ తర్వాత కట్టాను, దాని చుట్టూ."

బొటనవేలు గొట్టానికి అడ్డం పెట్టింది. అరవై.
తీసింది. అరవై ఒకటి.
మళ్లీ పెట్టింది. నా వైపు చూడలేదు.
నా వేలు బటను మీద ఉంది.
గడియారంలో పదకొండు దాటింది.
పొద్దుటినుంచీ నేను అంకెను చూస్తుంటే
ఆమె ఈ గోడను చూస్తోందని
అప్పుడు తట్టింది నాకు.

వేలి కింద తాడు కదిలింది.
తైమి చెయ్యి తీసేసింది,
ఇరుకు దారిలో ముసలాళ్లకు పక్కకు తప్పుకున్నట్టు.
గంట ఒక్కసారి.
ఆమె రెండుసార్లు లాగి జవాబిచ్చింది,
తర్వాత చాలాసేపు ముక్కు తుడుచుకుంది.
చలి అంది.
ఆ ఇంట్లో ఇరవై ఒక్క డిగ్రీలు.

కాగితం మీద అరవై ఒకటే రాశాను.
వాదించలేదు, సంతకం పెట్టింది.
వెళ్లేటప్పుడు ఎండు చేప పొట్లం కట్టిచ్చింది.

నేనుండేది టాలిన్‌లో,
కాంక్రీటు పలకల బిల్డింగులో ఐదో అంతస్తు.
ప్రతి అక్టోబరూ కిటికీ సందుల్లో దూది కూరతాను.
ఆ రాత్రి మిగిలిన పొగపుల్ల వెలిగించాను.
పొగ తలుపు వైపు తూలింది, కిటికీ వైపు, స్విచ్చి వైపు,
తాగినవాడు ఇల్లు వెతుక్కుంటున్నట్టు.
ఎటు చూసినా సందులే.
ఒక్క సందులోంచీ
తాడు లేదు.