నూటనలభై చుట్లు

కరెంటు పోతే
మూడో గేటు అడుగు లేవడానికి
చక్రం నూటనలభై చుట్లు తిప్పాలి.
ఈ లెక్క ఏ ఫైల్లోనూ లేదు,
లస్కరు హుసేన్‌పీరా అరచేతిలో ఉంది.

అసిస్టెంట్ ఇంజనీరుని, నా చేతిలో ఉన్నది ఎస్టిమేటు.
ఇనప తాళ్ళు, రబ్బరు సీళ్ళు, జనరేటరు, సైరను,
కట్ట మీద సర్కారు తుమ్మ కొట్టడం,
వేరు పుచ్చిన బొక్కల్లో బంకమట్టి కుక్కడం,
పైనుంచి చెప్పి చేర్పించిన గెస్టుహౌసు రంగులు.
తొంభై మూడు లక్షల నలభై వేలు.
కడప నుంచి ఫోను:
"యాభైలో తేలుస్తావా, వచ్చే ఏటికి పెడదామా?"

వచ్చే ఏడు.
ఆ మాట కింద ఇప్పటికి ఆరు సంతకాలున్నాయి.
రెండు రిటైరయ్యాయి.
ఒకటి నాది.

డ్యాములో నీళ్ళు లేవు, అదీ నిజమే.
మూడేళ్ళుగా అడుగంతా నెర్రెలు.
రైతుల మీటింగులో శివపుల్లారెడ్డి లేచి నిలబడ్డాడు:
"నీళ్ళు రాలేదని మేము ఏడుస్తాంటే
నీళ్ళొస్తాయని నువ్వు ఏడుస్తాండావేంది మేడం?
ఆ దుడ్లేవో కాలవ పూడికకి పెట్టు.
కుక్కే లేని ఇంటికి గొలుసెందుకు?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
చివరాయకట్టుకి తడి తగిలి ఏడేండ్లు,
ఆయనతో ఏమని వాదించేది?

పట్టికలో రెండు గడులు.
ఒకటి, జరిగే అవకాశం: వెయ్యేళ్ళకోసారి.
ఆ వెయ్యేళ్ళు ఎప్పుడు మొదలయ్యాయో రాయలేదు.
రెండోది నష్టం, రూపాయల్లో.
గొర్రెకి ఇంత, మోటారుకి ఇంత,
ఇంటికి తరుగుదల పోగా ఇంత.
మనిషి దగ్గర పెన్ను ఆగింది.
పాత జీవో తీసి చూస్తే అంకె ఉంది.
వెయ్యలేక
బండి తీసి వంకెంబడి దిగువకి పోయాను.

మొదటి ఇల్లు గంగులమ్మది. కట్టకి నాలుగు కిలోమీటర్లు.
వాన పడుతుందో లేదో,
వాకిట్లో విత్తనక్కాయలు ఒలుస్తా ఉంది.
"అక్కా, రాత్రిపూట నీళ్ళొస్తే
గుట్టెక్కడానికి ఎంతసేపు పడుతుంది?"
"గొర్రెల్ని తోలుకుంటే అరగంట.
మా అత్తని మోసుకుంటే ఇంకో అంత."
రెండు కాయలు పగలగొట్టి, మళ్ళా అంది:
"ముందు నన్నెవరన్నా లేపాల గదా?"

నీళ్ళకి పట్టేది నలభై నిమిషాలు.
ఆమెకి చెప్పలేదు.
టీ ఇస్తే తాగాను.

రాత్రి ఎస్టిమేటు మళ్ళీ విప్పాను.
గెస్టుహౌసు రంగులు కొట్టేశాను.
శిలాఫలకానికి గ్రిల్లు కొట్టేశాను.
సీళ్ళు కారితే కారనీ, ఒక ఏడు.
తుమ్మ ఉపాధి పనిలో పడేశాను.
తాళ్ళు ఉంచాను, జనరేటరు ఉంచాను.
బొక్కల మట్టి జోలికి పోలేదు.
సైరను ఒకటుంటే మూడు చేశాను,
మూడోది గంగులమ్మ ఇంటి వెనక గుట్ట మీద.
అరవై ఒక్క లక్ష.
ఎన్నిసార్లు కూడినా యాభై కాలేదు.

పచ్చ ఇంకు వాడే హోదా నాకు లేదు.
నీలంతోనే అడుగున రాశాను:
"మిగతా పదకొండు లక్షలు తగ్గించదలిస్తే
ఏ ఇంటిని చివర లేపాలో
పేరుతో సహా తెలియజేయ ప్రార్థన."

ఫైలు కడప పోయింది. ఇంకా తిరిగి రాలేదు.

ఈ పొద్దు గేటు కాడికి పోతే
హుసేన్‌పీరా పళ్ళ చక్రానికి గ్రీజు పూస్తున్నాడు.
నెయ్యి డబ్బాలో, వేంపల్లె నుంచి తెచ్చిన గ్రీజు.
"నీ జీతంలోంచి కొన్నావా?"
"డబ్బా ఇంట్లోదే మేడం," అన్నాడు.

నేనూ ఒక పట్టు పట్టాను.
ఆయన లెక్కపెడుతున్నాడు.
నలభైకి నా భుజం పడిపోయింది.
పక్కకి జరిపి, చక్రం అందుకుని
నలభై ఒకటి అన్నాడు.

ఖాళీ డ్యాములో గేటు మూడంగుళాలు లేచింది.
దాని నీడలో పడుకున్న మేక
లేచి, మా వైపు చూసి,
ఇంకొంచెం దూరంగా పోయి పడుకుంది.